తిస్స వెవ కట్ట మీద మా నాయన

(2025 నవంబరులో అనంతపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు, అందరికీ నమస్కారం.

శ్రీలంక యాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మేము ఎనిమిది రోజులు తిరిగాం. నాకు ఇచ్చింది అరగంట. అందుకని మొదటి రోజు ఒక్కటే చెప్తాను. ఆ దేశం మా ఇంట్లో అందరికీ ఎందుకంత ఇష్టమో చెప్పడానికి ఆ ఒక్క రోజు చాలు.

మేము అక్కడికి వెళ్ళడం ఇది రెండోసారి. మొదటిసారి 2019 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు వెళ్ళాం. అందరూ చూసేవే చూశాం. క్యాండీలో బుద్ధుడి దంతమందిరం, నువర ఎలియలో టీ తోటలు, గాల్‌లో సముద్రం ఒడ్డున కోట. చివరి రోజు అనూరాధపురానికి మిగిలింది మూడు గంటలే. స్తూపాలు చూసి తిరిగొస్తూ దారిలో ఒక చెరువు కట్ట ఎక్కాం. నిండు చెరువు. కట్టకు ఇవతల పచ్చటి వరి మళ్ళు. అక్కడ నిలబడగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఇది నాయన చూడాలి అనుకున్నాను.

అనుకున్నంత తేలిక కాలేదు. మేము తిరిగొచ్చిన మూడు నెలలకు, ఆ ఏప్రిల్‌లో ఈస్టర్ రోజున అక్కడ బాంబులు పేలాయి. మరుసటి ఏడాది కరోనా. 2022లో ఆ దేశంలో పెట్రోలు లేదు, గ్యాసు లేదు, మందులు లేవు. టికెట్లు చూడడం, మానుకోవడం. ఈలోపు నాయనకు డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి. ఇంక ఆలస్యం చేస్తే ఆయన నడవలేడేమోనని నాకు లోపల ఒకటే టెన్షన్. చివరికి 2025 జనవరిలో బయల్దేరాం. ఈసారి అమ్మా నాయనలతో కలిపి ఆరుగురం.

నాయనకే ఎందుకు చూపించాలనుకున్నానో చెప్పాలి. మాది ధర్మవరం పక్క పల్లె. మా తాత ఆ ఊరి చెరువుకు నీరుగంటి. పిల్లల్లో చాలామందికి ఈ మాట తెలిసి ఉండదు. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు పారాలో చూసే మనిషి నీరుగంటి. చెరువు లోపల, కట్టకు దగ్గరగా రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి, చూసే ఉంటారు. అదే తూము. అడుగున రంధ్రానికి బిరడా ఉంటుంది. నీరుగంటి నీళ్ళలో మునిగి ఆ బిరడా తీసేవాడు. రాత్రి లాంతరు, పార పట్టుకుని కాలువ వెంబడి తిరిగి మడవలు, అంటే కాలువ నుంచి మడిలోకి నీళ్ళు మళ్ళే గండ్లు, తిప్పేవాడు. పంట వచ్చాక కళ్ళంలో ప్రతి రైతూ ఆయనకు మేర, అంటే ఆయన వంతు ధాన్యం, కొలిచేవాడు. జీతం అంటే అదే. తాత తర్వాత నాయన కూడా ఆ పని చేశాడు. తర్వాత ఏళ్ళ తరబడి చెరువు నిండలేదు. బోర్లు వచ్చాయి. నీరుగంటిని పిలిచే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. 2021 నవంబరు వానలకు మా చెరువు నిండి మరువ పారింది. నిండాక మిగిలిన నీళ్ళు బయటికి పొర్లిపోయే చోటు మరువ. ఆ రోజు నాయన పొద్దున్నించి సాయంత్రం దాకా మరువ దగ్గరే కూర్చున్నాడు. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టాం.

ప్రయాణానికి ముందు, డిసెంబరులో ఒక ఆదివారం, అందరం ఎర్రగుడికి వెళ్ళొచ్చాం. గుత్తికి దగ్గరే, కర్నూలు జిల్లా. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఇక్కడున్నవాళ్ళలో ఎంతమంది చూశారో తెలియదు కానీ, చూడనివాళ్ళు తప్పకుండా వెళ్ళండి. ఆ శాసనాల్లో రెండోది దారుల పక్కన బావులు తవ్వించడం గురించి, చెట్లు నాటించడం గురించి, మనుషులకూ పశువులకూ వైద్యం గురించి చెప్తుంది. ఇవన్నీ తన రాజ్యంలోనే కాదు, చోళ, పాండ్య దేశాల్లో, తంబపన్ని వరకు జరిగాయంటాడు అశోకుడు. తంబపన్ని అంటే శ్రీలంక అనే ఎక్కువమంది పండితుల మాట. చూడండి, మన గుత్తి పక్కన ఎండలో ఉన్న బండ మీద రెండువేల రెండొందల ఏళ్ళ కిందటే బావుల మాటా ఆ ద్వీపం మాటా ఒకేచోట చెక్కి ఉన్నాయి. నేను అది చదివి చెప్తుంటే నాయన చెప్పులు విడిచి ఆ బండను చేత్తో తాకాడు.

అనంతపురం వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఇవతల, దేవనహళ్ళి దగ్గర ఉంది కాబట్టి ఆ ఊరి ట్రాఫిక్‌లో చిక్కుకోనక్కర్లేదు. రాత్రి పన్నెండుకు కారెక్కాం. అమ్మ నిప్పట్లు, వేయించిన చెనక్కాయలు, ఓలిగలు కట్టింది. పెనుకొండ దాటేసరికి పిల్లలు నిద్రపోయారు. నాయన మాత్రం కిటికీలోంచి చీకట్లోకి చూస్తూనే ఉన్నాడు. ఆయనకు అది మొదటి విమాన ప్రయాణం. ఎక్కాక గంటన్నర కూడా పట్టలేదు. దిగేముందు కింద కొబ్బరి చెట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. "ఇంత దగ్గర్లో పెట్టుకోని ఇన్నేండ్లు చూపియ్యలేదా?" అన్నాడు. గడియారం తిప్పుకోవాల్సిన పని కూడా లేదు. వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే.

విమానాశ్రయం కొలంబో ఊళ్ళో లేదు, ఉత్తరాన కటునాయకలో ఉంది. మేము కొలంబో వైపు వెళ్ళనే లేదు. బయట మా డ్రైవరు నిలబడి ఉన్నాడు. 2019లో మమ్మల్ని తిప్పింది కూడా ఆ అబ్బాయే. ఆరేళ్ళుగా పండగలకు మెసేజీలు పెట్టుకుంటూనే ఉన్నాం. సింహళంలో తమ్ముణ్ణి మల్లి అంటారు, నేను అలాగే పిలుస్తాను. అతను నన్ను అక్కా అంటాడు. అక్క వాళ్ళకూ అక్కే, అమ్మ వాళ్ళకూ అమ్మే. అతను వచ్చి నాయన చేతిలో బ్యాగు అందుకుని "రండి తాత్తా" అన్నాడు. మా పిల్లలు పిలిచినట్టే పిలిచాడని నాయన సంతోషపడ్డాడు. నిజానికి సింహళంలో తాత్తా అంటే నాన్న. ఆ సంగతి నేను చెప్పాక నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ అబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు. ఎనిమిది రోజులూ ముందు సీట్లో అతని పక్కనే కూర్చున్నాడు.

కురునేగల దాకా కొబ్బరి తోటలే. ఆ మూల మొత్తాన్ని వాళ్ళు కొబ్బరి త్రికోణం అంటారు. దారి పొడవునా మల్లి 2022 సంగతులు చెప్పాడు. పెట్రోలు కోసం రెండు రాత్రులు బండిలోనే పడుకున్నాడట. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు మళ్ళీ కట్టెల పొయ్యి పెట్టుకున్నారట. అంతకుముందు ఏడాది, 2021లో, రసాయన ఎరువుల దిగుమతిని ప్రభుత్వం ఒక్కసారిగా ఆపేసింది. కొన్ని నెలలకు ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నా వరి దిగుబడి పడిపోయింది. మల్లి వాళ్ళ మామకు ఆ ఏడాది పెట్టుబడి కూడా రాలేదట. నేను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి చెప్తుంటే నాయన ప్రతిదానికీ ఒక ప్రశ్న వేశాడు. ఎకరాకు ఎంత పండుతుంది, విత్తనం ఎక్కడిది, అప్పు ఎవరిస్తారు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు అదే డ్రైవరును ఫొటోలు బాగా వచ్చే చోటు ఎక్కడ అని అడిగాం.

మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆడవాళ్ళు నడిపే ఒక చిన్న హోటల్లో ఆగాం. అన్నం, పరిప్పు, అప్పడం, పొల్ సంబోల్. పరిప్పు అంటే పప్పే, కొబ్బరిపాలు పోసి వండుతారు. పొల్ సంబోల్ కొబ్బరి తురుములో ఎండుమిర్చి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిపి నూరింది. మన ఊరిబిండి తిన్నవాళ్ళ నాలుకకు అది కొత్తగా అనిపించదు. నాయనకు అన్నం అంతగా సయించదు, ఆయనకు సంగటి కావాలి. మల్లి లోపలికి వెళ్ళి ఏదో చెప్పొచ్చాడు. పది నిమిషాలకు ఒక గిన్నెలో నల్లటి ముద్ద వచ్చింది. వాళ్ళు రాగులను కురక్కన్ అంటారు, ఆ ముద్దను తలప అంటారు. మన సంగటిలో వేసినట్టు అందులో నూకలు లేవు, పిండి ఒక్కటే. అంతే తేడా. అమ్మ ఆ వండినావిడను చూడాలంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. పొయ్యి దగ్గర నిలబడి చేతులతోనే మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు అమ్మ ఆమె చేతిలో రెండు ఓలిగలు పెట్టింది.

కురునేగల దాటాక నేల మారుతుంది. కొబ్బరి తగ్గి ముళ్ళకంపలు, బండరాళ్ళు, ఎర్రమట్టి వస్తాయి. అది వాళ్ళ మెట్టప్రాంతం. అక్కడి నుంచి రోడ్డు పక్కన చెరువులు మొదలయ్యాయి. సింహళంలో చెరువును వెవ అంటారు, సంస్కృతంలో వాపి నుంచి వచ్చింది. మనకు నల్లచెరువు, కొత్తచెరువు, నంబులపూలకుంట, బుక్కరాయసముద్రం ఉన్నట్టే వాళ్ళకూ ఊరి పేర్లలోనే వెవ ఉంటుంది. మా అబ్బాయి బోర్డులు చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెరువు నిండితే దాని నీళ్ళు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో చెరువులోకి. ఈ గొలుసును వాళ్ళు ఎల్లంగావ అంటారు. ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతుల్లో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని గుర్తించింది. మనకూ గొలుసుకట్టు చెరువులున్నాయి. గొలుసులో ఎన్ని కొక్కేలు ఊడిపోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగున్నరకు అనూరాధపురం చేరాం. బసలో సామాను పెట్టాం. అమ్మ ముందు మహాబోధికి వెళ్దామంది. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ నాటితే పెరిగిన రావిచెట్టు అది. నాయన "ముందు చెరువు" అన్నాడు. వెలుతురు ఉండగానే చూడాలి కదా అని అమ్మే ఒప్పుకుంది.

మేము వెళ్ళింది తిస్స వెవకు. కట్టించిన రాజు దేవానంపియ తిస్స, అశోకుడి కాలంవాడు. మన ఎర్రగుడి శాసనంలో అశోకుడి బిరుదు కూడా దేవానాంపియ అనే ఉంది. అంటే దేవతలకు ఇష్టమైనవాడు అని. ఆ రాజు పేరుతో ఉన్న చెరువు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా నీళ్ళతో ఉంది. కట్ట వెంబడి పెద్ద పెద్ద కుంబుక్ చెట్లు, మన తెల్లమద్ది. సాయంత్రం కాబట్టి ఆడా మగా పిల్లలతో సహా మెట్ల మీద స్నానాలు చేస్తున్నారు. చెట్ల పైనుంచి తెల్లటి స్తూపం ఒకటి కనిపిస్తోంది.

నాయన స్తూపం వైపు చూడలేదు. కట్ట మీద నడుస్తూ "తూము యాడుందమ్మా?" అన్నాడు. కొంచెం దూరం పోయాక "మరువ యాడుంది?" అన్నాడు. నాకు తెలియదు. స్నానం చేసి వస్తున్న ఒక పెద్దాయనను మల్లి ఆపాడు. నాయన వయసే ఉంటుంది. ఆయన రైతు. నాయన చేతులతో నీళ్ళు పొర్లిపోతున్నట్టు చూపించగానే ఆయనకు అర్థమైపోయింది. చెరువు నిండి పారితే వాళ్ళు "వాన్ దమనవా" అంటారు. తూమును సొరొవ్వ అంటారు. "వాన్" అని వినగానే నాయన "వాన అంటాన్నాడు" అన్నాడు నాతో. నేను కాదని చెప్పలేదు.

ఇద్దరూ కట్ట మీద గడ్డిలో కూర్చున్నారు. ఆయన సింహళం, మల్లి ఇంగ్లీషు, నేను తెలుగు. ముప్పావుగంట సాగింది.

మా తాత నీరుగంటి అని చెప్తే ఆయన వెంటనే "వెల్ విదానే" అన్నాడు. వాళ్ళకూ ఆ మనిషి ఉండేవాడు. 1958లో వరి భూముల చట్టం వచ్చి ఆ పదవి పోయింది, ఇప్పుడు రైతు సంఘాలున్నాయి. ప్రతి పంటకు ముందు రైతులంతా ఒకచోట కూర్చుని, చెరువులో ఎంత నీరుందో చూసి, ఎప్పుడు నాట్లు, ఎప్పటిదాకా నీళ్ళు అని తేల్చుకుంటారు.

నీళ్ళు తక్కువ ఉంటే ఏం చేస్తారని నాయన అడిగాడు. ఆ పెద్దాయన ఒక పుల్ల తీసుకుని నేల మీద గీశాడు. ఇది కట్ట, ఇది ఆయకట్టు. మొత్తానికి నీళ్ళు చాలవనుకుంటే కట్టకు దగ్గరున్న భాగమే సాగు చేస్తారు. అయితే ఆ భాగం ఎవరిదో వాళ్ళు మాత్రమే చేసుకోరు. ఆ ఒక్క పంటకు ఆ భూమిని ఆయకట్టులో ఉన్న రైతులందరికీ పంచుతారు. చివరి మడి రైతుకు కూడా కట్ట కింద కొన్ని సాళ్ళు వస్తాయి. పంట అయ్యాక ఎవరి భూమి వాళ్ళది. దీన్ని బెత్మ అంటారు.

నాయన నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. పుల్ల తీసుకుని తానే గీసి "అంటే మొదటి మడి ఆయప్ప తన మడి ఇచ్చేస్తాడా?" అని అడిగాడు. ఆ పెద్దాయన తలూపాడు.

నేను పెరిగిన ఊళ్ళో నీళ్ళు తక్కువైన ఏడు కట్ట కిందివాళ్ళు పండించుకునేవాళ్ళు, కడపటి మళ్ళు ఎండిపోయేవి. రాత్రిళ్ళు మడవ దగ్గర కొట్లాటలు. మా తాత నుదుటి మీద ఒక మచ్చ ఉండేది. పార దెబ్బ. ఎవరి మడికో నీళ్ళు తిప్పాడని ఎవరో కొట్టారు. చిన్నప్పుడు ఆ మచ్చను వేలితో తడిమేదాన్ని. ఆ సాయంత్రం నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది మన ఊర్లో ఎవురికన్నా తోచింటే మా నాయనకు ఆ దెబ్బ తగిలేది కాదు" అన్నాడు. నేను ఈ మాట మల్లికి ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. నాకు గొంతు పూడుకుపోయింది. మా ఆయన చెప్పాడు.

ఇక్కడ ఒక సంగతి నిజాయతీగా చెప్పాలి. వాళ్ళ వాన మనకు లేదు. మన జిల్లాలో ఏడాదికి పడేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అనూరాధపురంలో దాని రెట్టింపు పైనే పడుతుంది. చెరువులు కట్టడంలో మనవాళ్ళేమీ తక్కువ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పని చేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు అని వివరంగా రాశారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఇంకో దోషం. నీళ్ళు కొంచెమై భూమి ఎక్కువైతే అదీ దోషమే. కట్టడం మనకు వచ్చు. నీళ్ళు తక్కువైనప్పుడు పంచుకోవడం వాళ్ళ దగ్గర చూశాను. నేను చెప్పదలుచుకున్నది అదే.

ఆ పెద్దాయన వెళ్ళేముందు ఇంకో మాట చెప్పాడు. తిస్స వెవకు నీళ్ళు వానతోనే రావు. దూరంగా కాలా వెవ అనే పెద్ద చెరువుంది. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించాడు. అక్కడి నుంచి జయగంగ అనే 87 కిలోమీటర్ల కాలువ ఇక్కడిదాకా వస్తుంది. మొదటి 17 మైళ్ళలో మైలుకు 6 అంగుళాలే వాలు. ఆ ధాతుసేనుణ్ణి కొడుకే చెరపట్టి, దాచిన ధనం ఎక్కడుందో చూపించమన్నాడట. రాజు కాలా వెవకు తీసుకుపోయి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, నా దగ్గరున్న ధనమంతా ఇదే అన్నాడట. తర్వాత కొడుకు ఆయన్ని చంపించాడు. ఈ కథ వినగానే అమ్మ ముసలమ్మ కథ ఎత్తుకుంది. మన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరి కోసం కట్టలో ప్రాణమిచ్చిన ముసలమ్మ. మల్లి ఆ కథను సింహళంలో చెప్తుంటే ఆ పెద్దాయన లేచి నిలబడి విన్నాడు.

చీకటి పడ్డాక మహాబోధికి వెళ్ళాం. తెల్లబట్టల్లో జనం, తామరపూలు, నూనె దీపాలు. అమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ రాత్రి గురించి అమ్మే ఎప్పుడైనా చెప్పాలి, అది ఆమెది.

బసకు వచ్చేసరికి తొమ్మిది. నాయన అన్నం తినకముందే ఫోను అడిగాడు. ఊళ్ళో తన ఈడువాడు ఒకాయన ఉన్నాడు, కడపటి ఆయకట్టు రైతు. ఆయనకు ఫోను చేసి, విమానం గురించి, గుడి గురించి ఏమీ చెప్పకుండా, మొదటి మాటే బెత్మ గురించి మొదలుపెట్టాడు. "కాదురా, భూమి ఇచ్చేసేది కాదు, ఆ ఒక్క పంటకే" అని మూడుసార్లు చెప్పడం బయటి వరండాలోకి వినిపించింది. ఫోను పెట్టేశాక నన్ను పిలిచి, రేపు ఎండ ఎక్కకముందే కాలా వెవకు పోదామని మల్లికి చెప్పమన్నాడు. అయిదింటికి లేపమన్నాడు. నేను లేచేసరికి ఆయన స్నానం చేసి, చెప్పులు వేసుకుని, కారు దగ్గర నిలబడి ఉన్నాడు.